చిన్న కాసినోలల్ల బ్లాక్‌జాక్: ఏ టేబుల్ కాడ కూసోవాలె, ఏది చూసి లేవాలె?

పానగల్లు_కట్ట
అన్నలకు, అక్కలకు నమస్తే. నల్లగొండ నుంచి నలుగురం బ్లాక్‌జాక్ (21 దాటకుండ డీలర్‌ను మించాల్సిన ముక్కలాట) ఆడుటానికి గోవా పోతున్నం. పెద్ద కాసినో ఓడలల్ల టేబుల్ మినిమం (పెట్టాల్సిన కనీస పందెం) ఎక్కువ ఉంటదట, చిన్న కాసినోలల్ల తక్కువ మినిమంతోని రూల్స్ గూడ మంచిగుంటయని ఒకరు, అక్కడనే ముంచుతరని ఇంకొకరు అంటున్నరు. బేసిక్ స్ట్రాటజీ చార్టు (ఏ ముక్కలకు ఏం చెయ్యాలనో చెప్పే పట్టీ) వచ్చు. పైసలు పెట్టకముందే టేబుల్ మంచిదా చెడ్డదా ఎట్ల పట్టాలె? మన దిక్కు దగ్గర్ల ఏమన్న ఉన్నయా?

నిర్వాహకుడు
చివరి ప్రశ్నకు ముందు జవాబు: లేవు. 1974 గేమింగ్ చట్టం కింద తెలంగాణలో కాసినోకు అనుమతి లేదు. 2017 సవరణతో పైసలు పెట్టి ఆడే రమ్మీకి ఉన్న మినహాయింపు కూడా పోయింది. ఫామ్‌హౌస్ టేబుళ్లు, లాడ్జి గదుల ఆటల గురించి ఇక్కడ రాస్తే పోస్టు తీసేస్తాం. పైసలతో ఆడే ఆన్‌లైన్ యాప్‌లు 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టంతో దేశమంతా బంద్ అయినయి, వాటి లింకులు కూడా పెట్టొద్దు. గోవా, సిక్కిం, నేపాల్, అమెరికా లాంటి అనుమతి ఉన్న చోట్ల గురించి మాట్లాడుకోండి. ఫలానా కాసినోలో ఫలానా రూల్ అని పేరుపెట్టి రాయకండి. మేనేజర్ మారితే రూల్ మారుతది, పాత పోస్టు చదివి పోయినోళ్లు మోసపోతరు.

సాగర్_26గేట్లు
తమ్మీ, చిన్నదా పెద్దదా అనే లెక్కన మంచిచెడ్డలు తేలవు. చిన్నచోట రూల్స్ ఒక్క తీరుగ ఉండయి, అదే తేడా. ఒకే హాల్ల పక్కపక్క టేబుళ్లకు వేరే రూల్స్ ఉండొచ్చు. అందుకే కుర్చీ గుంజకముందు టేబుల్ గుడ్డ మీద రాసింది చదువు.

గుడ్డ మీద మూడు సంగతులు అచ్చేసి ఉంటయి. బ్లాక్‌జాక్‌కు (మొదటి రెండు ముక్కలే ఆసు, పది లేదా బొమ్మ పడితే) ఎంత ఇస్తరు, సాఫ్ట్ 17 మీద డీలర్ ఏం చేస్తడు, ఇన్సూరెన్స్‌కు (డీలర్ ఆసు చూపినప్పుడు వానికి బ్లాక్‌జాక్ ఉంటదని కాసే పందెం) ఎంత. ఇన్సూరెన్స్ అంతట 2కు 1 ఉంటది, దాన్ని ఇడిసిపెట్టు. మొదటిదే అసలు సంగతి.

బ్లాక్‌జాక్‌కు 3కు 2 అంటే వెయ్యి పెడితే పదిహేను వందలు. 6కు 5 అంటే పన్నెండు వందలే. 6 పెద్ద అంకె కదా అని కొత్తోళ్లు దాన్నే మంచిదనుకుంటరు. డీలర్‌కు గూడ బ్లాక్‌జాక్ పడి సరిసమానం అయ్యేవి తీసేస్తే, 22 చేతులకు (చెయ్యి అంటే ఒకసారి పంచి ఆడే ఆట) ఒకసారి నీకు బ్లాక్‌జాక్ పడతది. పడ్డప్పుడల్ల 300 పోతే చేతికి సుమారు 13 రూపాయల 60 పైసలు, అంటే 1.36 శాతం. ఆరు కట్టలు, డీలర్ అన్ని 17ల మీద ఆగుడు, స్ప్లిట్ (జత ముక్కలను రెండు చేతులుగ విడగొట్టుడు) తర్వాత డబుల్ (పందెం రెండింతలు చేసి ఒక్క ముక్కనే తీసుకునుడు) ఉన్న మంచి టేబుల్ మొత్తం హౌస్ ఎడ్జే (పందెంల సగటున కాసినోకు మిగిలే వాటా) 0.4 శాతం చుట్టూ ఉంటది. ఈ ఒక్క రూల్‌తోని అది నాలుగింతలు దాటుతది. కొన్నిచోట్ల బ్లాక్‌జాక్‌కు సమానమే, అంటే వెయ్యికి వెయ్యే ఇస్తరు. దానికి 2.27 శాతం పోతది. అసొంటి టేబుల్ కాడ చార్టు తప్పులేకుండ ఆడినా ఫాయిదా లేదు.

సాఫ్ట్ 17 అంటే ఆసు, 6 లాంటిది, ఆసును 11గ లెక్కపెట్టి వచ్చే 17. గుడ్డ మీద "అన్ని 17ల మీద డీలర్ ఆగాలె" అనుంటే నీకు మంచిది. "సాఫ్ట్ 17 మీద డీలర్ ఇంకో ముక్క తీయాలె" అనుంటే 0.22 శాతం పోయినట్టే.

జడ్చర్ల_అక్క
గుడ్డ మీద రాయనివే ఎక్కువ ఉంటయి, చిన్నచోట అవే తేడా కొడతయి. వాటిని డీలర్‌ను కాదు, పిట్‌ల (టేబుళ్ల నడిమి జాగల) నిలబడ్డ సూపర్‌వైజర్‌ను అడగాలె. డీలర్ చెయ్యి నడుస్తున్నప్పుడు అడిగితే అవును అవును అంటడు, తీరా పని పడ్డంక సూపర్‌వైజర్ వచ్చి కాదంటడు.

అడిగే తీరు గూడ ఉంటది. "డబుల్ ఉన్నదా?" అంటే అంతట ఉన్నదనే చెప్తరు. "ఏ రెండు ముక్కల మీదనైనా డబుల్ చెయ్యొచ్చా, లేకపోతే 9, 10, 11 మీదనేనా?" అని అడగాలె. 9 నుంచి 11 దాకనే అంటే 0.09 శాతం, 10, 11 మీదనే అంటే 0.18 శాతం నష్టం. "స్ప్లిట్ చేసినంక డబుల్ ఇస్తరా?" ఇయ్యకపోతే 0.14. "ఆసులు మళ్లా వస్తే మళ్లా స్ప్లిట్ చెయ్యొచ్చా?" చెయ్యనిస్తే 0.08 దాక మనకే లాభం. "సరెండర్ (సగం పందెం వదులుకొని తప్పుకునుడు) ఉన్నదా, ఉంటే డీలర్ ఆసు చూపినప్పుడు గూడనా, పది చూపినప్పుడేనా?"

ఇంకొకటి అడగాల్సిన పనిలేదు, ఒక చెయ్యి చూస్తే చాలు. డీలర్ పంచేటప్పుడు తనకు ఒక్క ముక్కనే వేసుకొని, మనందరి ఆట అయిపోయినంక రెండోది తీసుకుంటున్నడా? అట్లయితే అది యూరప్ పద్ధతి. అప్పుడొక్కటే అడగాలె: "డీలర్‌కు బ్లాక్‌జాక్ వస్తే డబుల్, స్ప్లిట్ పైసలన్నీ పోతయా, మొదట పెట్టిందే పోతదా?" అన్నీ పోతయంటే 0.11 శాతం.

పానగల్లు_కట్ట
అక్కా, 0.11 అంటే చిన్నదే కదా? చార్టు మార్చాలా?

సాగర్_26గేట్లు
మార్చాలె. మార్చితేనే 0.11, మార్చకపోతే ఎక్కువ పోతది. వెయ్యి పెట్టినవనుకో. నీకు 8-8 పడ్డది, డీలర్ చూపే ముక్క పది. ముక్క కింద పెట్టి ముందే చూసే టేబుల్ అయితే నువ్వు స్ప్లిట్ చేసే యాళ్లకు డీలర్‌కు బ్లాక్‌జాక్ లేదని తేలిపోయి ఉంటది. యూరప్ పద్ధతిల తేలదు. స్ప్లిట్ చేసి రెండు వేలు చేసినంక డీలర్‌కు ఆసు పడితే రెండూ పాయె. పదికి ఆసు పడే అవకాశం 13ల ఒకటి, ఆసుకు పది గానీ బొమ్మ గానీ పడేది 13ల నాలుగు.

అందుకే అన్నీ పోయే టేబుల్ల 11ను పదికి, ఆసుకు డబుల్ చెయ్యొద్దు, మామూలుగ ముక్క అడుగు. 8-8ను పదికి, ఆసుకు స్ప్లిట్ చెయ్యొద్దు. ఆసుల జతను ఆసుకు చెయ్యొద్దు, పదికి మాత్రం చెయ్యాలె. మిగతా చార్టంతా అట్లనే. మొదట పెట్టిందే పోతదంటే మామూలు చార్టే నడుస్తది.

సాఫ్ట్ 17 మీద ముక్క తీసే టేబుల్ అయితే, డీలర్ ముందే చూసుకునే చోట, మార్పులు ఇంకో తీరు: 11ను ఆసుకు గూడ డబుల్, ఆసు-7ను 2కు డబుల్, ఆసు-8ను 6కు డబుల్.

గద్వాల_కోట
ఈ శాతాలన్నీ కాయితం మీద మంచిగుంటయి. అయిదు వందల మినిమం ఉన్న చెడ్డ టేబుల్, రెండు వేల మినిమం ఉన్న మంచి టేబుల్ రెండే ఉన్నయనుకుందాం. మీ లెక్కన రెండు వేల దాని కాడ కూసోవాలె. అది సరైందేనా?

సాగర్_26గేట్లు
ఆ మాట నేనన్నట్టు యాడుంది అన్నా? గంట ఖర్చు లెక్క కట్టాలె. అయిదుగురు ఆడుతున్న టేబుల్ల గంటకు 60, 70 చేతులు పడతయి. 60 పట్టుకుందాం. మంచి టేబుల్ 0.43 శాతం, రెండు వేలు: 2,000 × 60 అంటే లక్షా ఇరవై వేలు తిరుగుతది, అందుల 0.43 శాతం 516 రూపాయలు. చెడ్డది 6కు 5, సాఫ్ట్ 17 మీద ముక్క తీసుడు, స్ప్లిట్ తర్వాత డబుల్ లేదు, మొత్తం 2.15 శాతం అనుకో: 500 × 60 అంటే ముప్పై వేలు, అందుల 645. సగటు ఖర్చు కొంచెమే తేడా.

కానీ ఊగుడు (సగటుకు అటో ఇటో పోవుడు) వేరు. ఒక్కో చేతికి ఊగుడు పందెంకు 1.15 రెట్లు, చేతులు పెరిగితే వాటి వర్గమూలం లెక్కన పెరుగుతది. 60 చేతులకు సుమారు 9 పందేలు, నాలుగు గంటలకు సుమారు 18 పందేలు అటో ఇటో పోవుడు మామూలే. అయిదు వందల టేబుల్ల అది 9 వేలు, రెండు వేల టేబుల్ల 36 వేలు. జేబుల ఇరవై వేలే ఉన్నోడు రెండు వేల టేబుల్ కాడ కూసుంటే రూల్స్ ఎంత మంచియైనా మొదటి గంటల లేవాల్సి రావొచ్చు. ఒక కూసుడుకు కనీసం 40 పందేల పైసలు చేతుల ఉండాలె. దాన్నిబట్టి ముందు మినిమం తేల్చుకో, ఆ మినిమంల ఉన్న టేబుళ్లల్ల మంచి రూల్స్ చూసుకో.

మిర్యాలగూడ_ఖాతా
మీరు 0.14, 0.08 అని కొట్లాడుకుంటున్నారు గానీ క్యాష్ కౌంటర్ దగ్గర పోయే పైసలు ఎవరూ లెక్కపెట్టలేదు. కాసినోలో చిప్స్ కొన్న మొత్తం మీద జీఎస్టీ పడుతుంది. 2023 అక్టోబర్ 1 నుంచి 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం అయింది. గెలిచిన చిప్స్‌తో మళ్లీ పందెం కాస్తే మళ్లీ పన్ను లేదు, కొన్నప్పుడు ఒక్కసారే. కానీ ఆడకుండా చిప్స్ వాపస్ ఇచ్చినా ఆ పన్ను తగ్గదు. జీఎస్టీ నిబంధనలోనే అట్లా ఉంది.

ఈ భారం ఆటగాడి మీద ఎంత వేస్తారు, కాసినో ఎంత భరిస్తుంది అనేది ఒక్కోచోట ఒక్కో తీరు. అందుకే కౌంటర్ దగ్గర చిప్స్ కొనేముందు రెండు ప్రశ్నలు అడగండి. పదివేలు ఇస్తే టేబుల్ మీద ఎంత విలువ చిప్స్ చేతికొస్తాయి? అవే చిప్స్ అయిదు నిమిషాల్లో వాపస్ ఇస్తే ఎంత ఇస్తారు? రెండో జవాబు పదివేల కంటే ఎంత తక్కువుంటే అంత మీ మొదటి నష్టం.

పదివేల చిప్స్‌కు 14 వేలు కట్టాల్సి వచ్చిందనుకుందాం. నాలుగు వేలు ఆట మొదలుకాకముందే పోయినట్టు. అయిదు వందల పందెంతో 0.5 శాతం టేబుల్ దగ్గర గంట ఖర్చు 150 రూపాయలే. అంటే ఇరవై ఆరు గంటల ఆటలో కాసినో తీసుకునేది కౌంటర్ దగ్గర ఒక్క నిమిషంలో పోయింది.

అందుకే ఒకేసారి యాభై వేల చిప్స్ కొనకండి. అయిదు వేలో పదివేలో కొని, అవసరమైతే మళ్లీ కొనండి. ఇంకో సంగతి, గెలిస్తే ఆదాయపు పన్ను 30 శాతం, సెస్సు కలిపితే 31.2. పోయిన పైసలు గెలిచిన దాంట్లో తీసేసుకోవడానికి లేదు. ఒకే లావాదేవీలో గెలుపు పదివేలు దాటితే టీడీఎస్ కోస్తారు. పాన్ కార్డు దగ్గర పెట్టుకోండి, రసీదు అడిగి తీసుకోండి.

గద్వాల_కోట
ఇగో, ఇది అసలు మాట. నలభై శాతం ముందే పోయినంక సాఫ్ట్ 17 మీద డీలర్ ఆగితే ఏంది, లేస్తే ఏంది.

సాగర్_26గేట్లు
పన్ను చిప్స్ కొన్నప్పుడు ఒక్కసారే పడతది, హౌస్ ఎడ్జ్ చేతిచేతికీ పడతది. కొన్న చిప్స్‌ను ఎంతసేపు తిప్పుతవు అన్నదాన్నిబట్టి ఏది ఎక్కువో తేలుతది. గంట ఆడి పోయేటోనికి పన్నే పెద్దది. మూడు రాత్రులు అవే చిప్స్ తిప్పేటోనికి 6కు 5 టేబుల్ పన్నును గూడ మించుతది. పదివేల చిప్స్, 500 పందెం, 1.86 శాతం ఎడ్జ్ అయితే గంటకు 558. ఏడు గంటల్ల 3,900 దాటుతది. మిర్యాలగూడ సార్ చెప్పిన నాలుగు వేలకు దగ్గరకొచ్చినట్టే కదా.

పాలమూరు_మర్రి
ప్యాకేజీ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. గోవాల లోపలికి పోవుడే టికెట్టుతోని. అందుల తిండి, తాగుడు, కొన్ని చిప్స్ కలిపి ఇస్తరు. ఆ చిప్స్ మామూలువా, వన్ టైమ్ ప్లేనా అని అడగాలె. వన్ టైమ్ ప్లే చిప్స్ పైసలకు మారవు. ఒక్కసారి పందెం కాస్తే గెలిచినా ఓడినా ఆ చిప్ వాళ్లు తీసుకపోతరు, గెలిస్తే గెలుపు మొత్తం మాత్రం మామూలు చిప్స్‌ల ఇస్తరు.

దాన్ని బ్లాక్‌జాక్‌ల పెట్టుడు వేస్టు. గెలిస్తే వెయ్యి వస్తది గానీ నీ వెయ్యి చిప్ వాపస్ రాదు, కాబట్టి వెయ్యి చిప్ విలువ సగంకన్న తక్కువనే పడతది. అదే చిప్‌ను ఒకే సున్నా ఉన్న రౌలెట్‌ల ఒక్క అంకె మీద పెడితే, పడితే 35 రెట్లు వస్తది. 37ల ఒకసారి పడతది, 35ను 37తోని భాగిస్తే 94.6 శాతం. అంటే వెయ్యి చిప్‌కు సగటున 946. ఎక్కువసార్లు పోతది, అది వేరే. కొన్నిచోట్ల వన్ టైమ్ చిప్స్‌ను ఒక్క అంకె మీద పెట్టనియ్యరు, ఎరుపు నలుపు మీదనే అంటరు. కొన్నిచోట్ల ఫలానా టేబుల్ కాడనే అంటరు. టికెట్టు కొనేటప్పుడే అడగాలె. బ్లాక్‌జాక్‌లనే పెట్టాల్సొస్తే, సరిసమానం అయినప్పుడు చిప్ ఉంటదా పోతదా గూడ అడుగున్రి.

రైల్ల పోయేటోళ్లకు: సికింద్రాబాద్ నుంచి గోవాల వాస్కో పోయే బండి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగనే పోతది. నల్లగొండోళ్లకు హైదరాబాద్‌ల ఎక్కుడు దగ్గర.

పానగల్లు_కట్ట
ఓడ మీదికి పోకుండ హోటల్ కాసినో పోతే? మినిమం వంద, రెండొందలు గూడ ఉంటదట.

జడ్చర్ల_అక్క
గోవా చట్టంల అయిదు నక్షత్రాల హోటళ్లకు ఎలక్ట్రానిక్ ఆటలకే అనుమతి, టేబుల్ ఆటలు నీళ్ల మీది ఓడలకు. కాబట్టి నేల మీది కాసినోల నువ్వు ఆడేది చానవరకు స్క్రీన్ మీద. మినిమం తక్కువ ఉంటది, కానీ మెషిన్‌ల బ్లాక్‌జాక్‌కు సమానమే ఇచ్చేటివి చాన ఉంటయి. "హెల్ప్" గానీ "రూల్స్" గానీ ఉన్న బటన్ ఒత్తు, చెల్లింపుల పేజీ చూడు. 3కు 2 అని ఉన్నా, బేసి అంకె పందెం పెడితే సగాన్ని మింగుతది. ఒక్క క్రెడిట్ పెడితే ఒకటిన్నర రావాలె, ఒకటే ఇస్తది. ఎప్పుడూ సరి అంకె పెట్టాలె. మెషిన్‌ల చేతులు గూడ గబగబ పడతయి, ఒక్కనివే అయితే గంటకు రెండొందలు దాటుతయి. వంద పందెం అయినా ఇరవై వేలు తిరిగినట్టు.

ఈ సగం మింగుడు మామూలు టేబుల్ల గూడ ఉంటది. అన్నిటికన్న చిన్న చిప్ వంద అయితే, అయిదు వందల బ్లాక్‌జాక్‌కు 750 ఇయ్యడానికి యాభై చిప్ ఉండాలె. లేకపోతే ఏం చేస్తరో అడుగు. ఏడు వందలే ఇస్తమంటే నాలుగు వందలో ఆరు వందలో పెట్టు.

ఇరవై ఒక్క ఏండ్లు నిండనోళ్లు గోవా కాసినోల లోపలికి పోరాదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు తప్పకుండ పట్టుకపోవాలె.

డల్లాస్_దేవరకొండ
అమెరికాలో ఉన్న మనోళ్లకు పనికొస్తదని రాస్తున్న. ఇక్కడ చిన్న కాసినోలు రాష్ట్రాన్నిబట్టి మారతయి. టెక్సాస్‌ల వ్యాపార కాసినోలు లేవు, డల్లాస్ చుట్టుపక్కలోళ్లు ఓక్లహామా సరిహద్దు దాటి గిరిజన కాసినోలకు పోతరు. వాషింగ్టన్ రాష్ట్రంల కార్డ్ రూమ్‌లు (ముక్కలాటలే నడిచే చోట్లు) నిజంగ చిన్నవి, చట్టం ప్రకారం ఒక్కోదానికి 15 టేబుళ్లకు మించరాదు. పోటీ ఎక్కువ కాబట్టి రూల్స్‌ల ఒకరిని మించి ఒకరు ఇస్తరు. కొలరాడో కొండలల్ల బ్లాక్ హాక్, సెంట్రల్ సిటీ, క్రిపుల్ క్రీక్ ఊర్లల్ల 1991ల మొదలైనప్పుడు పందెం 5 డాలర్లే, 2009ల 100 చేసిండ్రు, 2021ల పరిమితి తీసేసిండ్రు.

కాలిఫోర్నియా కార్డ్ రూమ్‌ల సంగతి వేరు. అక్కడ ఇల్లు, అంటే ఆట నడిపేటోళ్లు, బ్యాంకు పెట్టరాదు (అందరి పందేలకు ఎదురు నిలబడి చెల్లించరాదు), ఆటగాళ్లల్ల ఒకరు బ్యాంకు పెడతరు, ఇల్లు చేతికింత అని ఫీజు తీసుకుంటది. 25 డాలర్ల పందెంకు 1 డాలర్ ఫీజు అంటే 4 శాతం. దాని ముందు 6కు 5 చిన్నబోతది. ఫీజు ఉన్నచోట మినిమం కాడ ఆడుడు చెడ్డది, అదే ఫీజు 100 డాలర్ల పందెంకు 1 శాతమే. ఎంత పందెం దాక ఎంత ఫీజు అనేది టేబుల్ మీద చిన్న పలకల రాసి ఉంటది, చదువున్రి.

చిన్నచోట్ల వారం మధ్యల జనం లేనప్పుడు ఆఫర్లు పెడతరు. ఒకే గుర్తు బ్లాక్‌జాక్‌కు 2కు 1 అంటే 0.57 శాతం ఆటగానికే. అన్ని బ్లాక్‌జాక్‌లకూ 2కు 1 అంటే 2.27 శాతం, అప్పుడు టేబుల్ ఆటగాని దిక్కు తిరిగినట్టే. గరిష్ట పందెం ఎంత, ఎన్ని గంటల దాక, ఇవి చూడాలె. అసొంటి ఆఫర్‌కు మామూలుగ గరిష్ఠం చిన్నగ పెడతరు.

గద్వాల_కోట
కాఠ్మాండూ పోయేటోళ్లకు ఒక మాట. టేబుల్ మీద రాసిన మినిమం భారతీయ రూపాయలలనా, నేపాలీ రూపాయలలనా అడగున్రి. మన రూపాయికి వాళ్లది 1.6. వెయ్యి నేపాలీ అంటే మనది 625. తెలుగుల అడిగితే పని కాదు, హిందీ నడుస్తది.

అయిదు ముక్కల రూల్ గూడ కొన్ని ఆసియా కాసినోలల్ల కనిపిస్తది. ముక్కలు అయిదైనా 21 దాటకపోతే గెలిచినట్టే. దాని విలువ ఎంత, సాగర్ అన్నా?

సాగర్_26గేట్లు
పూర్తి గెలుపు ఇస్తే 1.46 శాతం, మస్తు పెద్దది. ఆరు ముక్కలయితే 0.16, ఏడయితే ఉన్నా లేనట్టే. కానీ సగమే గెలుపు ఇచ్చే రూల్‌తోని దీన్ని కలపొద్దు, దాని విలువ చాన తక్కువ. అయిదు ముక్కల పూర్తి గెలుపు ఉంటే చార్టు మారుతది. చేతిల నాలుగు ముక్కలున్నయి, మొత్తం 13, 14 లాంటిది, డీలర్‌ది చిన్న ముక్క అయినా ఇంకోటి అడగాలె.

దీనికి ఉల్టా ఒకటుంటది, పేరు మారుస్తరు గానీ రూల్ ఒకటే: డీలర్‌కు 22 వస్తే ఆటగాడు గెలవడు, సరిసమానం. దానికి 6.9 శాతం పోతది. దానికి బదులు డబుల్‌లు, స్ప్లిట్‌లు ఫుకట్ల ఇస్తమంటరు. వేరే ఆట అది, దాని చార్టు వేరు. బ్లాక్‌జాక్ అనుకొని కూసోవద్దు.

పాలమూరు_మర్రి
సైడ్ బెట్లు (అసలు పందెం పక్కన కాసే వేరే పందేలు), ఇన్సూరెన్స్ గురించి గూడ రెండు మాటలు. ఆరు కట్టలల్ల డీలర్ ఆసు తీసేస్తే 311 ముక్కలు, అందుల పదులు, బొమ్మలు కలిపి 96. ఇన్సూరెన్స్ గిట్టాలంటే మూడుల ఒకటి రావాలె, వచ్చేది 30.9 శాతమే. పెట్టిన దాంట్ల 7.4 శాతం పోతది. నీకు బ్లాక్‌జాక్ ఉండి డీలర్‌కు ఆసు ఉన్నప్పుడు "సమానం తీసుకుంటరా" అంటరు. 3కు 2 టేబుల్ల వద్దనాలె: 1.5ను 13ల 9తోని గుణిస్తే 1.038, చేతికొచ్చే ఒకటికన్న ఎక్కువ. 6కు 5 టేబుల్ల అదే లెక్క 0.83 వస్తది, అప్పుడు సమానం ఇస్తమంటే తీసుకోవాలె. చాన చోట్ల 6కు 5ల ఇయ్యరు, ఎందుకియ్యరో ఈ లెక్కలనే ఉన్నది.

21 ప్లస్ 3 అని పక్కన గుండ్రం ఉంటది, నీ రెండు ముక్కలు, డీలర్ చూపే ముక్క కలిపి ఒకే గుర్తో, వరుసో, ఒకే అంకెనో అయితయని కాసే సైడ్ బెట్టు అది. అన్నిటికీ 9కు 1 ఇచ్చే పాత పద్ధతిలనే ఆరు కట్టలకు 3.24 శాతం. చెల్లింపుల పట్టీని మార్చిన టేబుల్ల ఇంకా ఎక్కువ పోతది.

పానగల్లు_కట్ట
ముక్కలు లెక్కపెట్టుడు (అయిపోయిన ముక్కలు గుర్తుపెట్టుకొని పందెం పెంచుడు, తగ్గించుడు) చిన్న కాసినోల సాగుతదా?

జడ్చర్ల_అక్క
ముక్కలు కలిపే మెషిన్ చూడు తమ్మీ. ఆడిన ముక్కలను ఎప్పటికప్పుడు మళ్లా మెషిన్‌ల వేసి, అందులకెళ్లే పంచుతున్నరంటే అది నిరంతరం కలిపేది, లెక్కకు అర్థం లేదు. బేసిక్ స్ట్రాటజీ ఆడేటోనికి దాంతోని ఎడ్జ్ పెరగదు, ఒక వీసం తగ్గుతది గూడ. కానీ కలుపుటానికి ఆగుడు ఉండదు కాబట్టి గంటకు చేతులు పెరుగుతయి, ఖర్చు పెరుగుతది.

షూలకెళ్లి (ముక్కలు పెట్టే డబ్బాలకెళ్లి) పంచుతుంటే కట్ ముక్క (ఆడిదాక వచ్చినంక మళ్లా కలపాలని పెట్టే గుర్తు) ఏడ పెడుతున్నరో చూడు. ఆరు కట్టలల్ల ఒకటిన్నర కట్ట మిగిల్చి కలిపితే మంచిది. సగం కాడనే కలిపితే లెక్క పెట్టి లాభం లేదు. లెక్కపెట్టుడు నేరం కాదు, కానీ చిన్నచోట అందరి కండ్లు నీ మీదనే ఉంటయి. పందెం వందకెళ్లి వెయ్యికి ఎగిరితే మర్యాదగ వేరే ఆట ఆడుకోమంటరు.

గద్వాల_కోట
చివరి సీటోడు అడగకూడని ముక్క అడిగి టేబుల్‌ను ముంచుతడు అంటరే, అది?

సాగర్_26గేట్లు
ఆయన తీసిన ముక్క మంచిదా చెడ్డదా ముందు ఎవనికీ తెల్వది. ముంచినన్ని సార్లు తేలుస్తడు గూడ, అది గుర్తుండదు. కొట్లాడొద్దు.

పానగల్లు_కట్ట
ఒక ఆఖరి డౌట్. సరెండర్ ఉన్న టేబుల్ దొరికితే ఎప్పుడు వాడాలె? సాఫ్ట్ 18 గూడ ఎప్పుడూ గల్లంతు అయితది.

సాగర్_26గేట్లు
సరెండర్ అంటే సగం పందెం వదులుకునుడు. డీలర్ ముందే చూసుకొని, బ్లాక్‌జాక్ లేదని తేలినంక ఇచ్చేది 0.08 శాతం విలువ. 16ను 9కి, పదికి, ఆసుకు వదులు, 8-8 మాత్రం వదలకు, స్ప్లిట్ చెయ్యి. 15ను పదికి వదులు. డీలర్ సాఫ్ట్ 17 మీద ముక్క తీసేటోడైతే 15ను, 17ను, 8-8ను గూడ ఆసుకు వదులు. యూరప్ పద్ధతిల, పది చూపిస్తున్న డీలర్ మీద బ్లాక్‌జాక్ తేలకముందే సగం వాపస్ ఇచ్చే చోటుంటే అది 0.24 శాతం, అసొంటి టేబుల్ దొరికితే వేరేది వెతకకు. "నేను సరెండర్ చేసినంక డీలర్‌కు బ్లాక్‌జాక్ వస్తే నా సగం ఉంటదా?" అని సూపర్‌వైజర్‌ను అడుగు, ఉంటది అంటే అదే.

సాఫ్ట్ 18, అంటే ఆసు-7: డీలర్‌ది 3 నుంచి 6 దాక డబుల్, డబుల్ కుదరకపోతే ఆగు. 2, 7, 8కి ఆగు (ముందు చెప్పినట్టు, డీలర్ సాఫ్ట్ 17 మీద ముక్క తీసే టేబుల్ల 2కు గూడ డబుల్). 9, 10, ఆసుకు ముక్క అడుగు. చార్టు కాయితం మీద రాసుకొని పో, చాన కాసినోలల్ల టేబుల్ కాడ చూసుకోనిస్తరు. ఫోన్ మాత్రం బయట తియ్యకు.